‘అలోకంబగు పెంజీకటి’: ఇక్కడ లోకం అంటే జగమా, చూపా?

నల్లగొండ, ఫిజిక్స్ లెక్చరర్:
పోతన గజేంద్రమోక్షంలో ‘లోకంబులు లోకేశులు / లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం / జీకటికవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్’ పద్యం రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ‘తుది నలోకంబగు’ అనా, ‘తుది నాలోకంబగు’ అనా? మా నాన్న దీర్ఘం తీసి చదివేవారు. క్లాసులో దీర్ఘవృత్తాకార గెలాక్సీల పాఠం మొదలైనప్పటి నుంచి ఇదే మనసులో తిరుగుతోంది. ముసలి ఎర్ర నక్షత్రాలే తప్ప వాటిలో వాయువు దాదాపు లేదని చాలాకాలం అనుకున్నారు. 1978 నవంబరులో పంపిన ఐన్‌స్టైన్ అబ్జర్వేటరీ ఉపగ్రహంతో ఎక్స్‌రేల్లో చూస్తే, సుమారు కోటి డిగ్రీల వాయువు చుట్టూ కమ్ముకొని ఉంది. మరి అలోకం అంటే లేనిదా, కనపడనిదా?

గద్వాల:
హ్రస్వమే సార్, చర్చ అక్కర్లేదు. కందం రెండో పాదం విడదీయండి: లోకస్, థులుదెగి, నతుదిన, లోకం, బగుపెం. మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపి ఆరోది, అంటే ఇక్కడ మూడోది, నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. ‘నతుదిన’ నలం. ‘నా’ అంటే నాలుగు మాత్రల గణం ఐదు మాత్రలై కూర్చుంటుంది. యతి కూడా ‘లో’కు ‘లో’. అర్థమంటారా, లోకాలు లేని చీకటి. అంతే.

దేవరకొండ, రిటైర్డ్ తెలుగు పండిట్:
ఛందస్సు సరే, అర్థం ‘అంతే’ అనేస్తే ఎలా బాబూ? ‘లోకృ’ ధాతువుకు చూడటమనే అర్థం. అవలోకనం, విలోకనం అక్కడివే. లోకాలు తెగిపోయాయని పోతన ముందే చెప్పాడు, మళ్లీ లోకాలు లేని చీకటి అనడం దేనికి? చూపు ఆనని చీకటి. మూలంలో వ్యాసుడి మాట ‘గహనం గభీరం’. గహనం అంటే చొరరానిది కదా.

గద్వాల:
పంతులుగారూ, పోతనకు మాట తిప్పి తిప్పి మోగించడం ప్రాణం. లోకంబులు, లోకేశులు, లోకస్థులు, అలోకం. మూడుసార్లు జగమన్న అర్థంలో వచ్చిన పదం నాలుగోసారి చూపుగా ఎందుకు మారుతుంది?

దేవరకొండ, రిటైర్డ్ తెలుగు పండిట్:
మారుతుంది కాబట్టే అది పోతన చెయ్యి. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నవాడికి ఒక్క మాటలో రెండు అర్థాలు పెట్టడం కష్టమా?

నాగర్‌కర్నూల్, సైన్స్ టీచర్:
లెక్చరర్ గారి ప్రశ్నలో వాయువు ఒక్కటే ఉంది, దుమ్మును కూడా కలపండి. మా దిక్కు దుబ్బ అంటాం. 1983లో ఐరాస్ ఉపగ్రహం కంటికి ఆనని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో చూసినప్పుడు ఇలాంటి గెలాక్సీలు చాలావాటిలో దుమ్ము జాడ దొరికింది. అసలు చిక్కు అక్కడుంది. అంత వేడి వాయువులో దుమ్ము రేణువును అయాన్లు కొట్టి కొట్టి అరగదీస్తాయి. కొన్ని కోట్ల ఏళ్లకు మించి నిలవదు, గెలాక్సీ వయసు చూస్తే వెయ్యి కోట్ల లెక్క. అంటే ఇవాళ కనిపించేది పాత దుమ్ము కాదు. ముసలి నక్షత్రాలు ఇంకా రాలుస్తూ ఉండాలి, లేదా ఏదో చిన్న గెలాక్సీని మింగి ఉండాలి. సెంటారస్-ఏ అనే గెలాక్సీ నడుముకు అడ్డంగా ఉన్న నల్ల పట్టీ అలాంటి మింగుడు గుర్తే. మామూలు వెలుగును ఆపేసే ఆ పట్టీయే పరారుణంలో తానే వెలుగుతుంది. నా ఓటు పంతులుగారికి: అలోకం అంటే ఈ కంటికి అందనిది.

నల్లగొండ, ఫిజిక్స్ లెక్చరర్:
బాగా చెప్పారు మేడమ్. ఎక్స్‌రేలను గాలి పొరలే మింగేస్తాయి. మన జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపు ఉన్నా, ఈ వాయువు అక్కడి నుంచి కనపడదు. అందుకే 1999లో శాస్త్రవేత్త చంద్రశేఖర్ పేరుతో చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపును పైకి పంపారు. ఎమ్-87 అనే గెలాక్సీ వాయువులో బుడగల్లాంటి ఖాళీలను అది స్పష్టంగా చూపించింది. నడిమి కృష్ణబిలం ఊదిన ఖాళీలవి. ఆ ఊదుడే వాయువును చల్లారిపోకుండా కాస్తోందని ఎక్కువమంది అంటారు.

గద్వాల:
అవన్నీ ‘కవ్వల’ (చీకటికి అవతలి) సంగతులు సార్, నేను ‘పెంజీకటి’ దగ్గరే ఉన్నాను. మూలంలో ‘విభుః’ అని ఉన్నచోట పోతన ‘ఏకాకృతి’ అన్నాడు. అది తేలితే అలోకం తేలుతుంది. లోకాలు లేవు కాబట్టే ఆయన ఒంటరిగా వెలుగుతున్నాడు.

దేవరకొండ, రిటైర్డ్ తెలుగు పండిట్:
ఏక, ఆకృతి. ఒకే రూపంతో అని. ఒంటరి అనే అర్థం ఏ వ్యాఖ్యలో చూశారో పుట సంఖ్యతో సహా పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.