అప్‌డేట్: లోడింగ్ గుమస్తాకి అకౌంట్స్ మెనూ కనిపించడం, కారణం దొరికింది

చీమకుర్తి గ్రానైట్ యార్డు అప్లికేషన్‌లో మెనూ అంతా డేటాబేస్ టేబుల్ నుంచే వస్తుంది. లోడింగ్ గుమస్తా లాగిన్ అయితే ఒక్కోసారి అకౌంటెంట్ మెనూ కనిపిస్తోందని అడిగాను కదా, తప్పు క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) లేదు, క్యాష్‌లో (మళ్లీ వాడుకోడానికి దాచి ఉంచే కాపీలో) ఉంది. ఆ కాపీని దాచి, వెతికే కీ పేరు అందరికీ ఒకటే, ఉత్త 'మెనూ'. క్యాష్ ఖాళీ అయ్యాక ముందు ఎవరు లాగిన్ అయితే వాళ్ల మెనూనే మిగతా అందరికీ వెళ్తోంది. ఇప్పుడు కీలో ఆ యూజర్ రోల్ (గుమస్తా, అకౌంటెంట్ లాంటి హోదా) ఐడీలన్నీ వరుసక్రమంలో, పక్కన ఒక వెర్షన్ నంబరు పెట్టాను. మెనూ గానీ అనుమతులు గానీ మారిస్తే ఆ నంబరు ఒకటి పెరుగుతుంది, పాత క్యాష్ దానంతటదే పక్కకి పోతుంది.

మెనూని చెట్టులా, అంటే శీర్షికల కింద లింకులుగా, కట్టే పద్ధతీ మార్చాను. టేబుల్ వరుసలన్నీ ఒకే క్వెరీతో తెచ్చి, ఐడీ ప్రకారం మ్యాప్‌లో (ఐడీ ఇస్తే వరుస దొరికే పట్టికలో) పెట్టి, పేరెంట్ (పై అంశం) ఐడీ చూసి పిల్లల్ని తగిలిస్తే చాలు. అనుమతి మాత్రం చివరి లింకుల దగ్గరే చూడాలి. ఆ తర్వాత కింది నుంచి పైకి వస్తూ, పిల్లలు మిగలని శీర్షికలు తీసేయాలి. పైనుంచి వడకడితే 'రిపోర్టులు'కి అనుమతి లేదని దాని కింద ఉన్న 'వేబిల్లు' కూడా మాయమవుతుంది.

ఒక వరుసకి పొరపాటున దాని మనవడే పేరెంట్‌గా పడి ఉంది, అంటే ఎంత నడిచినా మళ్లీ అక్కడికే వచ్చే వలయం. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8లో రికర్సివ్ క్వెరీ (వచ్చిన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచేది) 1000 మెట్ల దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగింది అందుకే. సేవ్ చేసేటప్పుడే పేరెంట్ నుంచి పైదాకా నడిచి చూసే తనిఖీ పెట్టాను.

మెనూలో దాచినంత మాత్రాన భద్రత రాదు. యూఆర్ఎల్ నేరుగా కొడితే పేజీ తెరుచుకునేది. ఇప్పుడు ప్రతి రూట్ (పేజీ చిరునామా) దగ్గరా సర్వర్ అదే అనుమతి చూసి, లేకపోతే 403 (అనుమతి లేదనే జవాబు) ఇస్తోంది.