ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి) ట్యాంకు సీన్ అబద్ధంలా ఉందంటున్నారు, ఏం మార్చాలి?

కెమెరా_కన్ను (బెంగళూరు): అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ ట్యాంకులో ఇద్దరు పనివాళ్లు చనిపోయే కథ, 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్. క్లైమాక్స్‌లో హీరో మూతికి తడిగుడ్డ కట్టుకుని దూకి ఒకణ్ణి భుజాన వేసుకొస్తాడు. చివర్లో కుటుంబానికి 10 లక్షల చెక్కు. స్క్రిప్టు చదివినవాళ్లు నమ్మబుద్ధి కావట్లేదన్నారు. తప్పెక్కడుంది?

మురుగు_ఇంజినీర్: తడిగుడ్డ దగ్గరే. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు గుడ్డకి ఆగదు. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 100 వంతులు) దాటాక కాసేపటికే ముక్కు మొద్దుబారి, వాసన పోయిందనిపిస్తుంది. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లకే కూలిపోతాడు. కేకలుండవు, గింజుకోవడం ఉండదు. గాలికన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది, బురదలో కాలు పెట్టి కదిపితే ఒక్కసారిగా లేస్తుంది. అందుకే నిచ్చెన మీద మాట్లాడుతూ దిగినవాడు అడుగుకి చేరాక పలకడు. పైవాడు రెండుసార్లు పిలిచి, కంగారుపడి దిగుతాడు, వాడూ పోతాడు. మీ కథకి ప్రాణం ఆ రెండోవాడే. హీరో దూకడం తీసేయండి అన్నా, అది చూసి రేపు ఎవరో దూకుతారు.

హైకోర్టు_మెట్లు: దించినవాడు కథలో లేడు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. గ్యాసు చంపిందని వదిలేస్తే అదేదో విధి అయిపోతుంది. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం 7వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "మిషనెందుకు, ఇద్దర్ని పంపు" అనే ఒక్క ఫోన్ కాల్ ముందే పెట్టండి. మీ 10 లక్షల పరిహారం 2014 తీర్పులోది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలు చేసింది.

కెమెరా_కన్ను: ఫోన్ కాల్ తప్పకుండా పెడతాను. పనివాళ్ల మాట ఏ యాసలో ఉండాలి? షూటింగ్ నిజం ట్యాంకులో చేయొచ్చా?

యశవంతపుర_సెట్: ఖాళీ చేసిన ట్యాంకులో కూడా వద్దు. సిమెంటు రింగులు నేలమీదే పేర్చి, ఒక పక్క కెమెరాకి కోసుకోండి. బురదకి ముల్తానీ మట్టి, టీ పొడి, నీళ్లు చాలు. వీధులూడ్చే పౌరకార్మికుల్నీ, కాంట్రాక్టరు తెచ్చి ట్యాంకులో దించే మనుషుల్నీ ఒకటి చేయకండి. బెంగళూరులో ఈ పనుల్లో ఉన్న చాలా దళిత కుటుంబాల ఇంటి భాష తెలుగే. కాంట్రాక్టరుతో కన్నడ మాట్లాడనివ్వండి. ట్యాంకు మూత దగ్గర పిలిచే పిలుపు మాత్రం తెలుగులో ఉండాలి: "రేయ్, పలకరా!"