అప్‌డేట్: సూపర్‌మార్కెట్ ఉద్యోగం వచ్చిందండీ

కూకట్‌పల్లిలో సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌కి ఇంటర్వ్యూ ఉంది, అనుభవం లేదు, ఏం అడుగుతారని పోయినవారం అడిగాను కదా. అందరికీ థాంక్స్, తీసుకున్నారు!

"మీ గురించి చెప్పండి" అన్నది అర నిమిషంలో తేలిపోయింది. అసలు పరీక్ష ఫ్రిజ్ దగ్గర. మేనేజర్ గారు పెరుగు ప్యాకెట్ల ట్రే చేతికిచ్చి సర్దమన్నారు. మీలో ఒకరు చెప్పినట్టే తేదీ దగ్గరపడ్డవి ముందుకు లాగి, కొత్తవి వెనక పెట్టాను. ఆయన ఏమీ అనలేదు గానీ తల ఊపారు.

"ఎమ్మార్పీ మీద మళ్లీ జీఎస్టీ వేశారేంటని కస్టమర్ గొడవపడితే?" అన్నారు. ఎమ్మార్పీలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి, బిల్లులో విడిగా చూపిస్తారంతే, అదే ఓపిగ్గా చెబుతానన్నాను. యూపీఐ డబ్బులు కట్టానని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్ముతావా అని ఇంకో మెలిక. మన మిషన్‌లో పడ్డాకే సామాను ఇస్తానన్నా. నవ్వారు.

పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా చేతికెంత వస్తుందో కూడా మొహమాటపడకుండా అడిగేశాను. ఆదివారం సెలవు ఉండదట, వారం మధ్యలో ఇస్తారట. అమ్మకి అదొక్కటే నచ్చలేదు.

సోమవారం నుంచి డ్యూటీ. రోజంతా నిలబడాలి కాబట్టి, కాళ్లు నొప్పెట్టని షూస్ తక్కువ ధరలో ఏవైనా ఉంటే చెప్పండి.