చిత్రలేఖనం గదిలో సామాను ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న:
ప్రాథమిక పాఠశాలలో చిత్రలేఖనం చెబుతున్నాను. ఒకటే గది, రెండు బీరువాలు, ఒక కుళాయి. ఒక తరగతి బయటికి వెళ్తుండగానే ఇంకో తరగతి గుమ్మంలో ఉంటుంది. కుంచెలు బిరుసెక్కుతున్నాయి, స్కెచ్ పెన్నులు ఎండిపోతున్నాయి, కత్తెరలు మాయమవుతున్నాయి. ఎన్నిసార్లు సర్దినా వారం తిరిగేసరికి మళ్లీ గందరగోళమే. ఇంకో బీరువా అడగమంటారా?

మొదటి సమాధానం:
అడగవద్దండీ, అదీ నిండిపోతుంది. సామాను చెదిరేది బీరువాలో కాదు, పంచేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ. ఒక్కో బల్లకు ఒక్కో రంగు గుర్తు ఇచ్చి, అదే రంగు కాగితం అంటించిన ట్రే పెట్టండి. ట్రే తేవడం, తిరిగి పెట్టడం ఆ బల్లలో ఒకరి పని. వారానికొకరిని మార్చండి. మీరు నడిచే దూరం చాలా తగ్గుతుంది.

కత్తెరలకు మందపాటి అట్టపెట్టెను బోర్లించి, వరుసగా రంధ్రాలు చేసి, మొన కిందికి దించండి. రంధ్రం ఖాళీగా ఉంటే గంట కొట్టకముందే తెలిసిపోతుంది. లెక్కపెట్టే పనే లేదు.

ఇంకా చదవడం రాని పిల్లలకు పెట్టె మీద పేరు రాసి లాభం లేదు. లోపల ఉన్న వస్తువు బొమ్మ అంటించండి. బరువైన రంగు సీసాలు కింది అరలో, పదునైన బ్లేడ్లు మాత్రం తాళం వేసిన చోట.

రెండో సమాధానం:
కుంచెల సంగతి నేను చెబుతాను. నీళ్ల డబ్బాలో తల కిందులుగా వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయి. నీరు వెంట్రుకలను పిడికి బిగించే రేకు పట్టీలోకి దిగి జిగురు ఊడుతుంది, పిడి వదులవుతుంది. కడిగాక వేళ్లతో మొన సరిచేసి పడుకోబెట్టి ఆరనివ్వండి. ఆరాకే డబ్బాలో వెంట్రుకలు పైకి ఉండేలా నిలబెట్టాలి. అక్రిలిక్ రంగు ఎండితే నీటికి లొంగదు, దాన్ని వెంటనే కడగాలి. స్కెచ్ పెన్నులను అడ్డంగా పడుకోబెట్టండి. మూత ‘టక్’మని వినిపించేదాకా నొక్కాలని పిల్లలకు చెబితే, ఆ చప్పుడు కోసమైనా నొక్కుతారు!

ప్రశ్న అడిగినవారు:
ట్రేల పద్ధతి రేపే మొదలుపెడతాను. మరి తడి బొమ్మలు ఎక్కడ ఆరబెట్టాలి? తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తే రంగు కిందికి జారుతోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
నీళ్ల రంగులైతే బల్లపరుపుగానే ఆరాలి. తీగల అరలున్న స్టాండు దొరికితే సరే, లేదంటే అట్టముక్కల మీద బొమ్మలు పెట్టి, నాలుగు మూలలా ఒకే ఎత్తు డబ్బాలు ఉంచి అంతస్తులుగా పేర్చండి. క్రేయాన్ బొమ్మలకు తాడు చాలు. పేరు, తరగతి మాత్రం రంగు ముట్టుకోకముందే వెనుక రాయించండి. ఎవరిదో తెలియని బొమ్మల కట్ట కన్నా పెద్ద తలనొప్పి ఈ గదిలో లేదు.

రెండో సమాధానం ఇచ్చినవారు:
బంకమట్టి వాడితే మిగిలినదాన్ని తడిగుడ్డ చుట్టి గాలి చొరని డబ్బాలో ఉంచండి. ఎండిన మట్టిని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి. చేతులు, పనిముట్లు ముందు బకెట్‌లో కడిగించి, మట్టి అడుగుకు దిగాక పైనీరు మాత్రమే పారబోయండి. ఉన్న ఒక్క కుళాయి గొట్టం పూడుకుపోతే తరగతి ఆగిపోతుంది.