నాన్నగారికి మూలకణ మార్పిడి: ఇదివరకు చేయించుకున్నవారితో మాట్లాడించడం ఎలా?

ప్రశ్న (రోగి కుమార్తె, ఖమ్మం):
నాన్నగారికి మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్. వచ్చే నెల హైదరాబాద్‌లో ఆయన సొంత మూలకణాలతోనే (రక్తకణాలను పుట్టించే కణాలు) మార్పిడి చేస్తామన్నారు. డాక్టరుగారు అన్నీ వివరించినా, "ఇది చేయించుకుని ఇంటికి వచ్చిన మనిషితో ఒకసారి మాట్లాడించు, అప్పుడు సంతకం పెడతాను" అంటున్నారు. అలాంటివారిని ఎక్కడ వెతకాలి? ఏమి అడగాలి?

జవాబు (మార్పిడి చేయించుకున్న వ్యక్తి, విజయవాడ):
అమ్మా, నాన్నగారు అడిగింది న్యాయమే. ముందుగా ఆ ఆస్పత్రి మార్పిడి విభాగంలోని కోఆర్డినేటర్‌ను అడగండి. సమ్మతించే పాత రోగి ఎవరైనా ఉంటే ఫోనులో కలపమనండి. మైలోమాకు సొంత కణాలతో చేయించుకున్నవారే కావాలని గట్టిగా చెప్పండి. దాత కణాలు ఎక్కించుకున్నవారి దారి వేరు. ఆ కణాలు రోగి ఒంటి మీదే తిరగబడే ప్రమాదం వారికి ఉంటుంది. ఆ కథలు వింటే నాన్నగారు లేనిపోని బెంగ పెట్టుకుంటారు.

కణాలు ఎక్కించే రోజును ఆపరేషన్ అనుకుని భయపడతారు. నిజానికి రక్తం ఎక్కించినట్టే సంచిలోంచి ఎక్కిస్తారు. గడ్డకట్టించి నిల్వ చేసిన కణాలైతే, అవి పాడవకుండా కలిపే డీఎంఎస్‌ఓ అనే రసాయనం వల్ల గదంతా వెల్లుల్లి వాసన! అసలు కష్టం ఆ తరువాతే. కణాలు ఎక్కించడానికి ముందు ఇచ్చే మెల్ఫలాన్ అనే కీమో మందు ప్రభావంతో నోటిపూత, విరేచనాలు, అడుగు తీసి అడుగు వేయలేని నీరసం. తెల్లకణాలు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తేరుకుంటాయి. మెల్ఫలాన్ ఎక్కించేటప్పుడు ఐసు ముక్కలు చప్పరించమంటే విసుక్కోవద్దని చెప్పండి, నోటిపూత తగ్గుతుంది.

ఆ రోజుల్లో ఏమి తినగలిగారు, రాత్రుళ్లు ఎలా గడిపారు, స్నానానికి ఎవరు సాయం చేశారు అని అడిగితే మాలాంటివాళ్లం బాగా చెప్పగలం. మందుల సంగతి మాత్రం మమ్మల్ని అడగవద్దు. మా రక్తకణాల కౌంట్లతో నాన్నగారి కౌంట్లు పోల్చవద్దు.

జవాబు (రోగి భార్య, నిజామాబాద్):
వెంట ఉండేవారి గురించి ఎవరూ అడగరు! మీ అమ్మగారిని కూడా ఎవరితోనైనా మాట్లాడించండి. ఇంటికి వచ్చాక పచ్చి కూరగాయలు, బయటి తిండి వద్దన్నది పాటించడం తేలికే. పరామర్శకు వచ్చే చుట్టాలను గుమ్మం దగ్గర ఆపడమే కష్టం. ఆ పని మీరు తీసుకోండి, అమ్మగారి మీద పెట్టవద్దు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకుండా అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి ఫోను చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
కోఆర్డినేటర్‌కు ఫోను చేశాను, కనుక్కుని చెబుతామన్నారు. నాన్నగారి కంటే ముందు తానే మాట్లాడతానంటోంది అమ్మ.