అప్‌డేట్: గర్భస్రావం గురించి సద్గుణ నీతి ఏం చెప్తుంది?

తిరుపతిలో ఫిలాసఫీ సెమినార్ కోసం అడిగాను కదా, పిండానికి హక్కులున్నాయో లేదో తేల్చకుండా గర్భస్రావం మంచిచెడ్డలు మాట్లాడగలమా అని. మాట్లాడొచ్చు. సద్గుణ నీతి అంటే, ఒక పని వెనకున్న మనిషి గుణం మంచిదా చెడ్డదా అని చూసే ఆలోచనా పద్ధతి. ఆ పద్ధతిలో రాసిన తత్వవేత్త రోసలిండ్ హర్స్ట్‌హౌస్ 1991 వ్యాసం పిండం హక్కులు తేల్చకుండానే మాట్లాడుతుంది: గర్భం తీయించుకునే హక్కు ఆడమనిషికి ఉన్నా దాన్ని క్రూరంగానో, స్వార్థంతోనో, తేలిగ్గానో వాడొచ్చు. కాబట్టి చూడాల్సింది కారణాన్ని. ఒంట్లో సత్తువ లేక, ఉన్న ముగ్గురు పిల్లలతోనే సతమతమయ్యే చిత్తూరు కూలితల్లి నిర్ణయం ఒకటి. విహారయాత్ర చెడుతుందని తీసుకున్నది వేరు. చాలామంది తడబడేది దీన్ని చట్టంతో కలిపేసి. మన చట్టంలో 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 24 దాకా కొన్ని వర్గాలవాళ్లకే, అదీ ఇద్దరిది కావాలి. మేజరైతే భర్త సంతకం అక్కర్లేదు. గుణం సంగతి అక్కడ తేలదు. ఆడపిల్లని తెలిసి తీయించుకోమనే అత్తమామల గుణాన్నీ (సెమినార్లలో ఇది ఎవరూ ఎత్తరు) తూచాల్సిందే.