ఉద్యోగం, సాయంత్రం చదువు, తొలి ఇల్లు: డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగడమే మంచిదా?

ప్రశ్న: పటాన్‌చెరు ఉద్యోగి

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ డిప్లొమా చేసి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక కంపెనీలో నాణ్యత విభాగంలో ఆరేళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఉద్యోగస్తులు పని వేళలకు అనువుగా బీటెక్ చదువుకునే వెసులుబాటును అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2023–24 నుంచి కల్పించడంతో, కంపెనీకి 50 కిలోమీటర్ల లోపున్న ఒక కళాశాలలో చేరాను. ఇంకా రెండేళ్ల చదువు మిగిలి ఉంది. జనరల్ షిఫ్టు కాగానే అటునుంచి అటే తరగతికి వెళ్లి, ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. దాంతో ఓవర్‌టైమ్ చేసే వీలు పోయింది, ఆ మేరకు రాబడీ తగ్గింది.

నా జీతం చేతికి 42 వేలు వస్తుంది. నా భార్య బీరంగూడలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఆమెకు 24 వేలు ఇస్తారు గానీ, అందులో 15 వేలు బ్యాంకులో వేసి మిగిలింది నగదుగా చేతికిస్తారు. ఇంటి అద్దె 12 వేలు, బండి కిస్తీ 4,500, 3 లక్షల చీటీకి నెలకు 10 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 5 వేలు పోతాయి. కళాశాల ఫీజు ఏడాదికి 75 వేలు. ఇంటి ఖర్చులు కూడా పోగా నెలాఖరుకు మిగిలే 5 వేలను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాము. ఫిక్స్‌డ్ డిపాజిట్లో 3.5 లక్షలు, పీఎఫ్ ఖాతాలో సుమారు 2.8 లక్షలు ఉన్నాయి. చీటీ ఇంకా పాడుకోలేదు.

బీరంగూడ వైపు మాకు నచ్చిన రెండు పడక గదుల కొత్త ఫ్లాట్లకు 55 లక్షలు చెబుతున్నారు. ఈలోగా మా కంపెనీలో ఒకాయన ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే జరిగే అమ్మకం) కింద చదరపు అడుగు 3 వేలకే వస్తుందనీ, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే స్థలంలో అవిభాజ్య వాటాను వెంటనే రిజిస్టర్ చేస్తారనీ తొందరపెడుతున్నారు. డిగ్రీ అయ్యాక జీతం పెరుగుతుందన్న ఆశ ఉంది, అప్పటికి ధరలు అందకుండా పోతాయన్న భయమూ ఉంది. చదువు ఫీజు కడుతూనే ఇంటికి కూడబెట్టడం ఎలా? అసలు ఎంత కూడబెడితే మొదటి అడుగు వేయవచ్చు? అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత బ్యాంకు అధికారి (గృహరుణాలు)

ముందుగా 55 లక్షల ఫ్లాటుకు మీ చేతి నుంచి ఎంత పడుతుందో చూద్దాము. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 లక్షలు దాటి 75 లక్షల వరకైతే 80 శాతం వరకు మాత్రమే ఇవ్వవచ్చు. అంటే మీకు గరిష్ఠంగా 44 లక్షల అప్పు పుట్టినా 11 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే మరో 4.12 లక్షలు, ఈ మొత్తాన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ కింద 2.75 లక్షలు అదనం. మొత్తం 18 లక్షలకు కాస్త తక్కువ. కప్‌బోర్డులు, మీటరు, సంఘం డిపాజిట్ ఇందులో లేవు.

అయితే మీరు తేల్చుకోవలసింది పొదుపు ఒక్కటే కాదు. బ్యాంకు మీకు ఎంత అప్పు ఇస్తుందన్నది కూడా తేల్చుకోవాలి. మీ విషయంలో అసలు ఇబ్బంది అక్కడే ఉంది. మీ స్థాయి జీతాలకు కిస్తీలన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో దాదాపు సగం దాటకూడదని చాలా బ్యాంకులు చూస్తాయి. మీ భార్యకు నగదుగా ఇచ్చే 9 వేలు బ్యాంకు లెక్కలోకి రావు కాబట్టి మీ ఉమ్మడి ఆదాయం 57 వేలు మాత్రమే. అందులో సగం 28,500. బండి కిస్తీ తీసేస్తే 24 వేలు. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే లక్షకు నెలకు 836 రూపాయల చొప్పున కట్టాలి, కనుక ఇవాళ మీకు దొరికేది 28–29 లక్షలు. బండి అప్పు తీర్చేస్తే అదే 34 లక్షలవుతుంది. పాఠశాలవారు జీతం మొత్తం బ్యాంకులోనే వేసేటట్టు ఒప్పించుకుంటే, లేదా ఆమె రెండేళ్లపాటు పూర్తి ఆదాయం చూపి ఐటీ రిటర్నులు వేస్తే, 39 లక్షల పైచిలుకు వస్తుంది. ఒక్క రూపాయి కొత్తగా కూడబెట్టకుండానే పది లక్షల అర్హత పెరిగింది. మీకు మిగిలిన ఈ రెండేళ్ల చదువు కాలం సరిగ్గా దీనికే పనికొస్తుంది.

పీఎఫ్ గురించి ఒక మాట. ఐదేళ్ల సభ్యత్వం దాటినవారికి ఇల్లు కొనడానికి అడ్వాన్సు తీసుకునే నిబంధన ఎప్పటి నుంచో ఉంది. పాక్షిక ఉపసంహరణలన్నింటికీ కనీస సర్వీసును 12 నెలలకు కుదించాలనీ, ఖాతాలో 25 శాతం నిల్వ ఉంచాలనీ 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ కేంద్ర ధర్మకర్తల మండలి నిర్ణయించింది. మీకు ఎటూ అర్హత ఉంది. కానీ 2024–25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం, అంతకంటే తక్కువ వడ్డీకి గృహరుణం దొరుకుతున్నప్పుడు పీఎఫ్ సొమ్మును చిట్టచివరి లోటు పూడ్చడానికే వాడాలి.

పన్ను మిగులుతుందని ఎవరైనా ఇల్లు కొనమంటే పట్టించుకోకండి. సొంతంగా ఉండే ఇంటి రుణ వడ్డీకి 2 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో 2025–26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి మీరు కట్టే పన్నే లేదు.

జవాబు 2: చందానగర్ నర్సు

పెద్దలు చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు గానీ, రెండేళ్లు ఆగమన్న ధ్వనితో మాత్రం ఏకీభవించలేను. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదువుతున్న రోజుల్లోనే మేము పాత ఫ్లాటు కొన్నాము. 55 లక్షల కొత్త ఫ్లాటునే ఎందుకు కొలబద్దగా పెట్టుకున్నారు? పటాన్‌చెరు, ఇస్నాపూర్ వైపు పాత ఫ్లాట్లు కూడా ఒకసారి చూడండి. రెండో చేతి ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు, కొన్న నెలలోనే అద్దె ఆగిపోతుంది.

33 లక్షల ఫ్లాటు అనుకోండి. 25 లక్షలు అప్పు తీసుకుంటే 8 లక్షలు మీవి, రిజిస్ట్రేషనుకు 2.5 లక్షలు. మీ డిపాజిట్, పీఎఫ్, చీటీ కలిపితే ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే ఉన్నారు. కిస్తీ 20,900 వస్తుంది. ఇప్పుడు మీరు అద్దెకూ చీటీకీ కలిపి కట్టేది 22 వేలు. చీటీ అయిపోయిన నెల నుంచి మీ బతుకులో పెద్ద మార్పు లేకుండానే ఆ కిస్తీ వెళ్లిపోతుంది, ఫీజు జోలికి పోనక్కరలేదు.

ఇంకొక సంగతి. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ విభాగం ఉంది. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వార్షిక విడతల్లో రుణ ఖాతాలో జమ చేస్తారు. దేశంలో ఎక్కడా మీ ఇద్దరి పేరున పక్కా ఇల్లు ఉండకూడదు. అక్కడ కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కాబట్టి ఊళ్లో మీ నాన్నగారి పేరున ఇల్లున్నా అడ్డు కాదు. డిగ్రీ అయ్యి జీతం పెరిగి 9 లక్షలు దాటితే ఈ తలుపు మూసుకుపోతుంది. అందుకే ఆగితే అన్నీ లాభాలే అనుకోవద్దంటున్నాను.

చదువు సొమ్ముకు మాత్రం వేరే ఖాతా పెట్టి, దాని ఏటీఎం కార్డు కూడా తీసుకోకండి. ఇంట్లో ఏ అవసరం వచ్చినా మొదట చేయి పడేది ఫీజు డబ్బుల మీదే. పరీక్షల నెలలో ఇళ్లు చూడటం, బేరాలాడటం పూర్తిగా మానేయండి; అలసిపోయిన మనిషి చేత బయానా ఇప్పించడం మధ్యవర్తికి చాలా తేలిక.

జవాబు 3: మియాపూర్ న్యాయవాది

ప్రీలాంచ్ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడమూ అమ్మడమూ చట్టరీత్యా నిషిద్ధం. నమోదైన ప్రాజెక్టులోనైనా అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టిన దానిలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. మొత్తం సొమ్ము ఒకేసారి అడుగుతున్నారంటేనే వారు ఈ చట్టానికి బయట ఉన్నారని అర్థం. అవిభాజ్య వాటా రిజిస్టర్ చేస్తే మీకు దక్కేది నేలలో కొన్ని గజాలు; అనుమతి రాని భవనంలో మీ ఫ్లాటు అనేది కాగితం మీద కూడా లేదు. పైగా అనుమతులు లేని దానికి గృహరుణం దొరకదు కాబట్టి ఆ సొమ్మును వ్యక్తిగత రుణంతోనో బంగారం కుదువపెట్టో తేవాలి. వద్దు.

నర్సు గారు చెప్పిన పాత ఫ్లాటు మంచి ఆలోచనే, కానీ ఆ ప్రాంతంలో కాగితాలు చూడకుండా అడుగు వేయవద్దు. పంచాయతీ అనుమతి చూపించి, దానికి మించి అంతస్తులు లేపిన భవనాలు అక్కడ కనిపిస్తాయి. పై అంతస్తు ధర తక్కువ చెబుతుంటే కారణం అదేనేమో చూడాలి, ఎందుకంటే అనుమతి లేని అంతస్తుకు బ్యాంకు అప్పివ్వదు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేటలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా బహుళ అంతస్తుల భవనాలను కూల్చింది ప్రభుత్వ భూమిలో ఉన్నాయనే. మంజూరైన ప్లాను, లింకు దస్తావేజులు (ఇంతకుముందటి అమ్మకాల పత్రాలు), ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే) హద్దులు చూపించుకున్నాకే బయానా ఇవ్వండి.

అమ్మేవారు దస్తావేజులో తక్కువ రాసి మిగిలింది నగదుగా అడిగితే ఒప్పుకోకండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. అదీకాక బ్యాంకు దస్తావేజు విలువ మీదే అప్పిస్తుంది గనుక, మీరు పెట్టుకోవలసిన వాటా అంతకంతా పెరుగుతుంది.

పటాన్‌చెరు ఉద్యోగి

అందరికీ కృతజ్ఞతలు. ప్రీలాంచ్ ఆలోచన ఇవాళే విరమించుకున్నాను. పాఠశాల యాజమాన్యాన్ని అడిగితే వచ్చే నెల నుంచి జీతం మొత్తం బ్యాంకులోనే వేస్తామన్నారని నా భార్య చెప్పింది. 35 లక్షల లోపు పాత ఫ్లాట్లు చూడటం మొదలుపెడతాము, ఏడాదిలోగా దొరికితే సరే, లేకపోతే చదువు అయ్యాక చూసుకుంటాము. రెండు సందేహాలు మిగిలాయి. చీటీ ఇప్పుడే పాడి ఆ డబ్బు డిపాజిట్ చేసుకోవాలా, చివరిదాకా ఉంచాలా? డిపాజిట్ తీసి బండి అప్పు తీర్చేయాలా? ఇంకా 60 వేల దాకా ఉంది. ఎవరో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్లో డబ్బు పెట్టడం) మొదలుపెట్టమని కూడా అంటున్నారు.

విశ్రాంత బ్యాంకు అధికారి

చీటీని ఇప్పుడే పాడి డిపాజిట్ చేస్తే, పాటలో వదులుకునే మొత్తం, 7 శాతం వరకు ఉండే, చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషను పోగా మిగిలిన దానిపై వచ్చే వడ్డీతో ఆ నష్టం పూడదు. వీలైనంత చివరిదాకా ఉంచి, ఫ్లాటు కుదిరి బయానా ఇవ్వబోయే ముందు పాడండి. పాడిన రోజే డబ్బు చేతికి రాదు. జామీనుదారులను చూపించి, వారి జీతపు పత్రాలు ఇచ్చి, అవి సరిచూడటం అయ్యేసరికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి జామీను నిలబడే ఇద్దరితో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి, అమ్మేవారితో గడువు కూడా ఆ మేరకు రాయించుకోండి. మీ చీటీ రిజిస్టరైనదేనా అన్నది కూడా ఒకసారి చిట్ల రిజిస్ట్రారు కార్యాలయంలో చూసుకోండి.

సిప్ మంచిదే గానీ ఏడాది రెండేళ్లలో బయానా కింద ఇవ్వవలసిన సొమ్మును షేర్ల ఫండ్లలో పెట్టకూడదు.

బండి అప్పు తప్పకుండా తీర్చేయండి. ముందుగా తీర్చినందుకు రుసుము ఏమైనా ఉందేమో అడిగి, తీర్చిన తరువాత ఆ సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం, తాకట్టు ముగిసిందని తెలిపే ఫారం 35 తీసుకుని, ఆర్టీఏలో ఆర్సీ మీద తాకట్టు నమోదును రద్దు చేయించండి. చాలామంది ఇది చేయరు. మన అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలకు రుణ వివరాలను పదిహేను రోజులకోసారి పంపాలని 2025 జనవరి నుంచి నియమం వచ్చింది కనుక, నెల తరువాత ఒక నివేదిక తెప్పించుకుని ఖాతా మూసినట్టు పడిందో లేదో చూడండి. పడకపోతే ఆ నిరభ్యంతర పత్రం జతచేసి అప్పుడే ఫిర్యాదు పెట్టండి. గృహరుణ దరఖాస్తు బల్ల మీద ఉండగా దీన్ని సరిచేయించాలంటే మంజూరు నెలల తరబడి ఆగడం నేను చాలాసార్లు చూశాను.